ఆవగింజంత నిద్ర

జమ్మలమడుగు
1954 జనవరి 11

నరసన్న అన్నకు గంగాదేవి రాసే జాబు.

నువ్వు దండాలు పెట్టించుకోనంటావు గాబట్టి పెట్టలేదు. వదినకు మాత్రం పెట్టినానని చెప్పు. పిల్లోళ్ళు నలుగురూ బాగుండారనుకుంటా.

నేను బాగలేను. రోగమేమీ లేదు, నిద్ర లేదు. చౌడమ్మకు రెండేండ్లు నిండె. పండ్లన్నీ వచ్చె, సంగటి తింటాది, వాళ్ళవ్వను తిట్టను గూడ నేర్చె. రాత్రయితే మాత్రం నెలల బిడ్డయిపోతాది. పండుకున్న గడియకే లేసి "పాలూ" అంటాది. రొమ్ము నోట్లో ఉంటే నిద్రపోతాది, తీస్తే లేస్తాది. నిన్న రాత్రి లెక్కబెట్టినా. ఏడు సార్లు.

పగలు కండెలు చుడతా చుడతా రాట్నం మింద తల వాల్చేస్తాండా. మొన్న నూలు చిక్కుపడితే ఆయన మగ్గంలోని నాడె పీకి ఇసిరికొట్టి "నిద్రమొగందానా" అన్నాడు. ఆ మాట అన్న మనిషి రాత్రంతా మగ్గం పక్కన గురకపెట్టి నిద్రపోయినోడే.

పగటిపూట చౌడమ్మతో ఏ బాధా లేదు. మగ్గం గుంత పైన దూలానికి చీర ఉయ్యాల ఏసి, దాని తాడు తెచ్చి ఆయన కాలితో తొక్కే పలకకు కట్టినాడు. ఆయన నేస్తాంటే పలక ఆడతాది, పలకతో ఉయ్యాల ఆడతాది. సద్ది తిని పండుకుంటే మధ్యాన్నం దాకా, మళ్ళా తిని పండుకుంటే దీపాలపొద్దు దాకా. మా వీధిలో అందరిండ్లలోనూ ఇదే. లేకుంటే పిల్లోళ్ళు గుంతలో పడతారు, పడుగు పీకుతారు.

మా అత్త ఓబులమ్మ వేపాకు నూరి రొమ్ముకు పూసె. చౌడమ్మ మొగం చిట్లించి, నా కొంగుతోనే తుడిచి, తాగె. మూడో దినానికి తుడిచేది గూడ మానేసె. దానికి చేదు అలవాటాయె, నాకు కాలేదు. మా అత్త తొందర వేరే. పాలు మానితేనే మళ్ళా కడుపు నిలుస్తాదంట, ఈసారన్నా మగ్గమెక్కేటోడు పుడతాడంట. నా నిద్ర ఆమె లెక్కలో లేదు.

నీకు కర్నూల్లో డాక్టర్లు తెలుసు. ఇంగ్లీషు పుస్తకాలు చదువుతావు, పేపర్లో రాస్తావు. ఏం చేయల్లో రాయి.

గంగ

*

కర్నూలు
19-1-1954

గంగా,

"చిరంజీవి సౌభాగ్యవతి" అని మొదలుపెట్టకపోతే అది జాబే కాదనుకునే దేశం మనది. నీ సౌభాగ్యం ఎంతో నీ జాబులోనే కనబడింది కనుక ఆ మాట వదిలేస్తున్నాను.

వేపాకు! స్వరాజ్యం వచ్చి ఆరేళ్ళు దాటింది. మనకంటూ ఒక రాష్ట్రం వచ్చింది. ఈ ఊరినిండా గుడారాలు వేసి దీన్ని రాజధాని అంటున్నారు. ఆ గుడారాల్లో గుమస్తాలు దోమలను కొట్టుకుంటూనే అయినా ఫైళ్ళు రాస్తున్నారు. జమ్మలమడుగులో మాత్రం శాస్త్రమంటే ఇంకా వేపాకే, శాస్త్రవేత్త అంటే మీ అత్తే. ఆమె పూసింది, నువ్వు పూయించుకున్నావు. పూసినవాళ్ళ కన్నా పూయించుకున్నవాళ్ళ మీదే నాకు కోపం.

ఈ మధ్య ఒక ఇంగ్లీషు పుస్తకం చదివాను. రాసినాయన లండన్ డాక్టరు. చెప్పేది ముక్కుసూటిగా ఉంది. పాలకు గడియారం ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పాలు లేవంటే లేవు. బిడ్డకు వేరే గది, వేరే పడక. ఏడిస్తే ఏడవనీ, ఏడుపు ఊపిరితిత్తులకు వ్యాయామం. ఎత్తుకోవద్దు, పలకరించొద్దు, దీపం వెలిగించొద్దు. పది రోజుల్లో ఎంతటి మొండి బిడ్డయినా దారికి వస్తుంది. ఇందులో మంత్రం లేదు, తాయెత్తు లేదు, క్రమశిక్షణ ఉంది. మనకు లేనిది అదే.

మా ఇంట్లో నలుగురు పెరిగారు. ఒక్క రాత్రి కూడా ఒక్కరి ఏడుపు నా చెవిన పడలేదు. నేను పదకొండు దాకా రాసుకుంటూ ఉంటే ఇల్లు సెలవునాటి బడిలా ఉండేది. ఇంటిని నడపడం అంటే అట్లా.

చేసి చూసి రాయి. సాకులు రాయకు.

నరసన్న

*

జమ్మలమడుగు
ఫిబ్రవరి 8

అన్నా,

నీ జాబు చదివితే ముందు నవ్వు వచ్చె, వెనక కోపం వచ్చె. రెండూ తీరినాక రాస్తాండా.

వేరే గది అంటివి. మా ఇంట్లో ఉండేది ఒక గది. అందులో సగం మగ్గం, మిగిలిన సగంలో మేము నలుగురం. వెనక వంటకొట్టంలో పొయ్యి, కట్టెలు, తేళ్ళు. గడియారం అంటివి. ఈ వీధికి గడియారం సావుకారి ఇంట్లో ఉండాది. రాత్రి పదయిందా లేదా అని ఆయన తలుపు కొట్టమంటావా?

అయినా చేసినా. నువ్వు చెప్పినావని మూడు రాత్రులు ఏడవనిచ్చినా. మొదటి రాత్రి పక్కింటి ఇమాంబీ లాంతరు పట్టుకోని వచ్చి "ఏమ్మా గంగమ్మా, బిడ్డకు తేలు గిన కుట్టెనా?" అనె. రెండో రాత్రి ఎదురింటోళ్ళు వచ్చి ఆయనను పక్కకు పిలిచి "పెండ్లాన్ని కొడితే కొట్టినావు గానీ బిడ్డ ముందర వద్దప్పా" అనిరి. మూడో రాత్రి అది ఏడ్చి ఏడ్చి తిన్నదంతా నా మింద కక్కె. ఆయన "దాని నోరు మూయించు, పొద్దున సావుకారికి చీర కోసియ్యల్ల" అని ఇటుపక్క నుంచి అటుపక్కకు తిరిగినాడు. ఆయన చేసిన పని అదొక్కటే, తిరిగేది. మా అత్త "మీయన్న పుస్తకానికి బిడ్డను బలిస్తావా?" అనె. ఆమె మాట నాకు ఎప్పుడూ నచ్చదు. ఆ రాత్రి మాత్రం విని, రొమ్ము ఇచ్చినా.

ఏడుపు ఊపిరితిత్తులకు మంచిదంటివే, ఈ రెండేండ్లలో నేను ఏడ్చినదానికి నాకు పైల్వాను ఊపిరి వచ్చిండల్ల.

ఒక్కటి కనుక్కోని రాయి. ఆ లండన్ డాక్టరు ఇంట్లో రాత్రిపూట బిడ్డ పక్కన ఎవరు పండుకుంటారు? ఆయన పెండ్లామా, పనిమనిషా? ఆయన మాత్రం కాదని నేను పందెం కడతా.

గంగ

*

కర్నూలు
20-2-1954

గంగా,

వెటకారం బాగా రాస్తున్నావు. మన నాయన వెటకారమే నీకు వచ్చింది. నువ్వప్పుడు ఉయ్యాలలో ఉన్నావు, నీకు తెలియదు. టీకాలు వేసేవాడు మన వీధికి వస్తే నాయన చెయ్యి వెనక్కు పెట్టుకొని "నా మగ్గంలోనే ఉండాయప్పా సూదులు, నీది ఎందుకు" అన్నాడు. వీధంతా నవ్వింది. ఆ ఎండాకాలం అమ్మవారు పోసి ఆయన పోయాడు. నవ్విన వీధే మోసింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. వెటకారమంటే అప్పటినుంచి నాకు పడదు.

నువ్వు మూడు రాత్రులు చేశావు, పది రాత్రులు చేయమన్నాను. మూడో రోజుకు వదిలేసి "మందు పనిచేయలేదు" అనడం మన జాతి లక్షణం. ఇమాంబీ ఏమనుకుంటుందో, ఎదురింటి వాళ్ళు ఏమనుకుంటారో అని బతకడం ఇంకో లక్షణం. వీధికి భయపడేవాళ్ళు వీధి పాలబడే బతుకుతారు.

ఒక్క సంగతి ఒప్పుకుంటున్నాను. మీ ఆయన పుల్లయ్య నిద్ర చెడకూడదు. పగలంతా కాళ్ళూ చేతులూ ఆడించి ఇల్లు నడిపే మనిషి. కనుక నువ్వు వంటకొట్టంలోకి మారు. తేళ్ళుంటే ఊడ్చుకో. బిడ్డకు నీ వాసన తగలకుండా ఉంటే పని సులువవుతుంది.

పత్రికకు "అవ్వల రాజ్యం" అని వరుసగా వ్యాసాలు రాస్తున్నాను. మీ అత్తవంటి వాళ్ళు పసరుతోనూ పొగతోనూ ఈ దేశాన్ని ఎట్లా ఏలుతున్నారో రాస్తాను. నువ్వు గెలిస్తే నీ గెలుపు అందులో వేస్తాను. ఓడిపోయావా, ఆ రాజ్యపు జనాభాలో నీ పేరూ రాసుకుంటాను.

నరసన్న

*

జమ్మలమడుగు
మార్చి 22

అన్నా,

చౌడమ్మ నిద్రపోతాంది. పదమూడు దినాలాయె. దీపంపొద్దుకు పండుకుంటే కోడి కూసినా లేవదు.

నీ పద్ధతే అనుకో. నువ్వు చెప్పినట్లే నేను వంటకొట్టంలోకి మారినా. మా అత్త "నా పక్కలో ఏసుకుంటాలే, మరుస్తాది" అని తీసుకునె. మంచి మాటే గదా.

నేను నిద్రపోయినానన్నా. మొదటి రాత్రి పండుకున్నది పండుకున్నట్లే ఉంటినంట. పొద్దున లేసి చూస్తే వీధి, బిందెలు, ఎదురింటి గోడ అన్నీ కడిగి పెట్టినట్ల కనపడె. రొమ్ములు రాళ్ళు కట్టి రెండు దినాలు జరమొచ్చె. పాలు పిండి మునగచెట్టు మొదట్లో పోసినా. ఇప్పుడు తగ్గె.

చౌడమ్మ కొంచెం తక్కువ తింటాది. మాటలు గూడ తగ్గె. అవ్వను తిట్టేది మానేసె. ఎండాకాలం గదా.

ఇంగ రాసేదేమీ లేదు.

గంగ

*

కర్నూలు
10-4-1954

గంగా!

చూశావా? నేనేం చెప్పాను? పది రాత్రులు చెయ్యి అన్నాను. చేశావు, గెలిచావు. నీ జాబులో "అనుకో" అని ఒక ముక్క వేశావు. గెలిచాక కూడా ఒప్పుకోవడానికి నీకు నామోషీ. పోనీలే.

వ్యాసం పడింది. కత్తిరించి ఇందులో పెట్టాను. ముఖ్యమైన భాగం ఇది:

"జమ్మలమడుగులో ఒక నేతగాని ఇంట, అయిదో తరగతి చదివిన ఒక స్త్రీ, నా సొంత చెల్లెలు, శాస్త్రాన్ని వేపాకు మీద గెలిపించింది. రెండేళ్ళ బిడ్డ రాత్రంతా కదలక మెదలక నిద్రిస్తున్నది. ఇందుకు పట్టినవి పది రోజులు, కావలసినది పట్టుదల. అవ్వలారా! మీ రోళ్ళు కడిగి బోర్లించండి. మీ రాజ్యం ముగిసింది."

ఇప్పటికి పద్నాలుగు జాబులు వచ్చాయి. నంద్యాల నుంచి ఒక తాలూకా గుమస్తా ఈ పద్ధతిని తన భార్య చేత చేయిస్తున్నాడట. మా హెడ్మాస్టరు, నన్ను చూస్తే మొహం తిప్పుకునే మనిషి, నిన్న పిలిచి కాఫీ ఇప్పించాడు.

వ్యాసాన్ని మీ అత్తకు చదివి వినిపించు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చదువు.

నరసన్న

*

జమ్మలమడుగు
మే 2

అన్నా,

చదివి వినిపించినా. నువ్వు చెప్పినట్లే ఒక్కొక్క మాటే. మా అత్త వక్కాకు నములుతా కడదాకా వినె. విని నవ్వె. "పాపం, మీయన్న శానా చదువుకున్నోడే" అనె. ఎందుకు నవ్విందో ఆ పొద్దు నేను అడగలేదు.

పోయిన బేస్తవారం పొద్దెక్కినా చౌడమ్మ లేవలేదు. నిద్రలోనే ఎత్తి ఉయ్యాలలో ఏసినా. మగ్గం ఆడతాంది, ఉయ్యాల ఆడతాంది, నేను కండెలు చుడతాండా. ఇమాంబీ చింతపండు అడగనొచ్చి, ముద్దు చేద్దామని ఉయ్యాలలోకి తొంగి చూసి, "యా అల్లా! పెదవులు చూడమ్మా" అని అరిసె. చూస్తే నేరేడుపండు రంగు. ఊపిరి ఒకటి వచ్చినాక ఇంకోటి వస్తాదో రాదో అన్నట్లుండె. ఆయన గుంతలో నుంచి ఎగిరి వచ్చి, బిడ్డను భుజాన ఏసుకోని మిషన్ ఆస్పత్రికి పరుగెత్తినాడు. నేను వెనకాల. చెప్పులు లేవు, రైక ముడి లేదు.

డాక్టరమ్మ కంటిరెప్ప ఎత్తి చూసె. నల్లగుడ్డు సూదిమొనంత అయిండె. "నల్లమందు ఎవరు పెట్టినారు?" అనె. మా అత్త వెనకనే వచ్చిండె. నడుముకు దోపిన తిత్తి ఇప్పి, అందులో నుంచి చిన్న డబ్బీ తీసి బల్ల మింద పెట్టె. "ఆవగింజంతే తల్లీ, బెల్లంలో. మాయమ్మ నాకు పెట్టె, నేను వీనికి పెడితి. వీడు బతకలేదా?" అని నా మొగుణ్ణి చూపిచ్చె. బుధవారం రాత్రి బిడ్డ నడిమధ్యలో లేసి అల్లరి చేసెనంట. ఇంగో గింజ పెట్టెనంట. రెండు గింజలు, అన్నా. నీ వ్యాసంలో రాసినావే, కదలక మెదలక అని. ఆ రెండు మాటలు ఆ రెండు గింజలవే.

గొట్టం ఏసి కడుపు కడిగిరి. "ఊపిరి తీసేది మరిచిపోతాది, మీరే గుర్తు చేయల్ల" అనె డాక్టరమ్మ. అరికాళ్ళ మింద కొట్టమనె. పేరు పెట్టి పిలుస్తా ఉండమనె. రెండు రాత్రులు, ఒక పగలు. బిడ్డను నిద్రపుచ్చేదెట్లని నేను నిన్ను అడిగినా గదా. ఆ రెండు రాత్రులు బిడ్డ నిద్రపోకుండా నేనే కొట్టినా. నిద్రపోతే సస్తాదని.

బతికె.

ఇప్పుడు అసలు సంగతి రాస్తా. చదివినాక నా మొగం చూడనంటే చూడొద్దు.

నాకు తెలుసు. మూడో దినమే మా అత్త బెల్లం నలిపేది చూసినా. వాసన తగిలె. మన వీధుల్లో పుట్టినోళ్ళకు ఆ వాసన తెలియనిదా? అడిగితే ఆమె మానేస్తాది. మానేస్తే నా నిద్ర పోతాది. అడగలేదు. వంటకొట్టంలోకి పోయి, కొంగు మొగం మింద కప్పుకోని పండుకున్నా. నీకు "నీ పద్ధతే అనుకో" అని రాసినా. నువ్వు సంతోషంగా అనుకున్నావు. నీకు నిజం ఎందుకు, నీకు గెలుపు కావల్ల. నాకూ నిజం వద్దు, నిద్ర కావల్ల. మనమిద్దరం ఆ నాయన బిడ్డలమే లే.

మా అత్తను తిడుతూ నాలుగు పేజీలు రాస్తావని తెలుసు. రాసే ముందు ఒక్క పని చెయ్. మీ ఇంట్లో పిల్లోళ్ళు నలుగురూ నీ చెవిన పడకుండా ఎట్ల నిద్రపోయిరో వదినను అడుగు. ఆమె గూడ నేతోళ్ళ వీధిలో పుట్టిందే.

గంగ

*

కర్నూలు
8-6-1954

గంగా,

నీ జాబు అందిన రోజునే జవాబు రాశాను. నాలుగు పేజీలే. సరిగ్గా చెప్పావు. అందులో మూడున్నర మీ అత్త మీద. పోస్టు చేయబోతూ, నువ్వు చెప్పిన ఒక్క పని చేయలేదని గుర్తొచ్చి ఇంటికి తిరిగి వచ్చాను.

మీ వదిన చాటలో బియ్యం ఏరుతోంది. అడిగాను. తల ఎత్తలేదు.

"అందరికీ పెట్టలేదు. పెద్దోనికి, రెండో దానికి. మూడోది కక్కుకునె, భయపడి మానేసి రాత్రిళ్ళు పెరట్లో ఎత్తుకోని తిరిగినా. ఆఖరోడు పుట్టేసరికి మీరు రాసేది బడిలోనే ముగించుకోని వస్తాంటిరి."

"ఎందుకు పెట్టావే?" అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది.

"మీరు రాసుకుంటాంటిరి గదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, జవాబు చెప్పేవాణ్ణి. రాయి ఒకటి దొరికితే తీసి వాకిట్లోకి విసిరి మళ్ళీ ఏరుకుంది.

పెద్దవాడు పుట్టిన ఏడాది నేను ఏం రాస్తుండేవాణ్ణో తెలుసా? "స్త్రీకి విశ్రాంతి హక్కు". అరవై పేజీల పుస్తకం. అనంతపురంలో సభ పెట్టి మెడలో దండ వేశారు. పక్కగదిలో నా భార్య, నా కలం గీతకు అడ్డం రాకూడదని, నా కొడుకు నాలుక మీద ఆవగింజంత విషం పెడుతూ ఉండింది. ఆ పుస్తకాన్ని నిన్న రాత్రి తీసి చదివాను. ప్రతి పేజీలో "మన స్త్రీలు", "మన స్త్రీలు". ఆ ఇంట్లో ఉన్న ఒక్క స్త్రీ ఆ రాత్రి ఎన్నిసార్లు లేచిందో అరవై పేజీల్లో ఎక్కడా లేదు. ఇట్లాంటి పుస్తకం ఇంకొకడు రాసి ఉంటే వాణ్ణి నేను నాలుగు వ్యాసాల్లో చీల్చి ఎండగట్టి ఉండేవాణ్ణి.

పెద్దవాడు లెక్కల్లో మందం అని వాణ్ణి ఎన్నిసార్లు కొట్టానో నీకు తెలుసు. ఇక్కడి డాక్టరును అడిగాను. దానివల్ల అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అన్నాడు. వాడికి పదహారేళ్ళు. నిన్న నా ఎదుట కూర్చొని అన్నం తింటుంటే వాడి మొహం చూడలేకపోయాను.

పత్రికకు సవరణ రాసి పంపాను. సంపాదకుడు తిప్పి పంపాడు. "పాఠకులు పద్ధతిని మెచ్చుకుంటున్నారు, ఇప్పుడీ రచ్చ ఎందుకప్పా" అని. పద్ధతిని! ఆ పద్నాలుగు మందికీ విడివిడిగా నా చేత్తోనే జాబులు రాశాను. నేను రాసింది అబద్ధమనీ, ఆ బిడ్డ నిద్రపోలేదనీ, చావబోయిందనీ రాశాను. అవ్వల రాజ్యమని ఎగతాళి చేశాను గానీ, ఆ అవ్వ చేతికి డబ్బీ ఇచ్చింది పక్కన చెడకూడని మగవాడి నిద్ర అని రాశాను. పుల్లయ్య నిద్ర చెడకూడదని నీకు రాసిన వేళ్ళతోనే రాశాను. ఇద్దరు జవాబిచ్చారు. నంద్యాల గుమస్తా ఒక్క ముక్క రాశాడు: "మా ఇంట్లో అటువంటివి జరగవు." పోయిన నెల నన్ను అడిగి ఉంటే నేనూ సరిగ్గా ఆ ముక్కే రాసి ఉందును.

చౌడమ్మ ఎట్లా ఉంది? ఇప్పుడు ఎట్లా నిద్రపోతోంది? సలహా రాయను. వచ్చి చూడాలని ఉంది. రమ్మంటే వస్తాను.

నీ మొగం చూడనంటానని రాశావు. చూడటానికి నాకే మొగం లేదు.

నరసన్న

*

జమ్మలమడుగు
ఆగస్టు 1

అన్నా,

సలహా రాయనన్నావు. బతికించినావు.

చౌడమ్మ బాగుండాది. మళ్ళా అవ్వను తిడతాంది. ఎట్ల నిద్రపోతాంది అని అడిగితివి గాబట్టి రాస్తాండా. దీనికి పద్ధతి అని పేరు పెట్టి పేపర్లో ఏసేవు, జాగ్రత్త.

ఆస్పత్రిలో ఇంగ వారం ఉండిపొమ్మనిరి. భయం తీరినాక ఒకటి చూసినా. ఆడ మగ్గం లేదు, ఉయ్యాల లేదు. బిడ్డ పగలంతా మేలుకోని కిటికీలో కాకుల్ని చూసె, పక్క మంచాలోళ్ళ తావకు పోయె, నర్సమ్మల కొంగులు పట్టుకోని తిరిగె. చీకటి పడేసరికి తానే వాలిపోయె. రాత్రి రెండు సార్లే లేసె. రెండే! నాకప్పుడు తెలిసె. ఇంట్లో పగలంతా మగ్గం దాన్ని నిద్రపుచ్చుతాది, రాత్రంతా నేను. ఎవురి నిద్ర వాళ్ళకు ఎంత కావల్లో అంతే గదా. నూలు చెడకూడదని దాని పగలు మేము దొంగిలిస్తిమి. అది నా రాత్రి దొంగిలించె. లండన్ డాక్టరుకు ఇది తెలియదు, వాళ్ళింట్లో మగ్గం లేదు.

డాక్టరమ్మ ఈయనను గూడ వదల్లేదు. "రాత్రి బిడ్డ ఎన్నిసార్లు లేస్తాది?" అనె. ఆయన నా దిక్కు చూసినాడు. "ఆమెను చూడొద్దు, నువ్వు చెప్పు" అనె. ఆయనకు తెలియదు. రెండేండ్లు అదే గదిలో పండుకున్న మనిషి.

ఇంటికి వస్తూనే కత్తి తీసి ఉయ్యాల తాడు కోసేసినా.

"ఏందే అది?" అన్నాడు.

"ఇంగ పగలు వీధిలో ఆడుకుంటాది. రాత్రి నీ పక్కలో పండుకుంటాది."

"నేను నేయొద్దా?"

"నేను చుట్టొద్దా?"

"పాలకేడిస్తే నేనేమియ్యల్ల?"

"నేను నిద్రకు ఏడిస్తే నువ్వేమిచ్చినావో అదే ఇయ్యి. అటుపక్కకు తిరుగు."

తిరగలేదు. పాలు పగలు మాననియ్యలేదు. దీపం పెట్టకముందే కూర్చోని కడుపునిండా ఇస్తా. వెనక సంగటి, పప్పు. రాత్రికి ఆయన పక్కన చెంబులో నీళ్ళు. నేను ఇమాంబీ ఇంట్లో పండుకున్నా, నా వాసన తగిలితే ఊరుకోదని. ఆ ఒక్క మాట నీది పనికొచ్చె. మొదటి రాత్రి దాని అరుపులు గోడ దాటి వినపడె. నేను లేస్తే ఇమాంబీ చెయ్యి పట్టుకోని కూర్చోబెట్టె. "వాళ్ళ నాయన లేడా అమ్మా ఆడ? పులి తావ ఇడిసినావా?" అని.

పొద్దున పోతే ఆయన కండ్లు చింతనిప్పులు. "ఏడు సార్లు లేసిందే!" అన్నాడు. ఏదో కొత్త ఖండం కనుక్కున్నట్ల. "అట్లనా" అన్నా. ఇంగేమనల్ల.

మూడో రాత్రికి ఆయనకు ఒకటి చేతికొచ్చె. మగ్గం ఆడే వరసలోనే దాని వీపు తట్టినాడంట. కాలు తొక్కేది, నాడె పోయేది, పోగును కొట్టి బిగించేది, అదే తాళం. దానికి పుట్టినప్పటినుంచి తెలిసిన తాళం గదా. ఎత్తుకోలేదు, వదిలేసీ పోలేదు. పక్కలో పండుకోని తట్టినాడు. నాలుగు సార్లాయె, రెండాయె. పదకొండో రాత్రికి ఒకసారి లేసి నీళ్ళు తాగి పండుకునె. వారానికి చీర తక్కువ నేస్తాండామని సావుకారి మనిషి గొణిగిపోయినాడు. "వచ్చి రాత్రిపూట బిడ్డను నువ్వు పండేసుకో, నేస్తా" అన్నాడంట ఈయన. ఈ మనిషికి నోరుందని నాకు ఇప్పుడు తెలిసె.

మా అత్త ఆ డబ్బీ తానే పొయ్యిలో ఏసె. నెల దినాలు మాతో మాట్లాడలేదు. తిట్టనీకి నోటినిండా మాటలు పెట్టుకోనుంటి. మొన్న చౌడమ్మకు తల దువ్వుతా దువ్వుతా ఉన్నట్టుండి "గంగా, నా మల్లికి గూడ పొద్దున పెదవులు అట్లనే ఉండె" అనె. ఆమెకు పుట్టింది ఆరుగురు, మిగిలింది ముగ్గురు. అమ్మవారు, గాలి, దిష్టి అని ఇన్నేండ్లు చెప్పుకునె. దువ్వెన ఆడనే ఆగిపోయె. నేనే ఆ దువ్వెన తీసుకోని మిగిలిన తల దువ్వినా.

నువ్వు రావల్లని రాసినావు. నువ్వు వద్దు. వదినను పంపు. పది దినాలు ఈడ ఏ పనీ చెప్పను, నిద్రపోయి పోతాది. నువ్వు ఆడ ఉండి ఆఖరోని పక్కలో పండుకో. పెద్దోన్ని కొట్టినావు గదా, వానికి నిజం చెప్పు. అది చేసినాక రా.

నిన్న రాత్రి చౌడమ్మ ఒక్కసారి గూడ లేవలేదు. నేను ఇప్పుడు ఇంట్లోనే పండుకుంటాండా, మగ్గానికి అటుపక్క. బిడ్డ లేవలేదు గానీ నేనే లేసినా. ఎన్నిసార్లో లెక్కబెట్టినా, నాలుగు. పాక్కుంటా పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వచ్చి పండుకుంటా, మళ్ళా పోతా. నిద్రపోయే బిడ్డను చూస్తే ఇప్పుడు నాకు గుండె ఆగుతాది.

నాలుగో సారి చీకట్లో నా వేలు ముక్కుకు తగల్లేదు, ఇంకో చేతికి తగిలె. ఆయన చెయ్యి. అప్పటికే ఆడ ఉండె.

"ఊపిరి ఆడతాంది లే" అన్నాడు. "పో, పండుకో. నేను చూస్తాండా."

గంగ